నోరు ఒకచోట, కడుపు ఒకచోట

మా మేనత్త తెరికానోకి ఒక్కచోట కుదురుగా కూర్చునే గుణం లేదు. రాంబీ దీవిలో మా ఇంటి చుట్టూ పగలల్లా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేది. చేతిలో గుప్పిట్లో పట్టేంత నల్లరాయి ఒకటి. నాలుగడుగులు వేయడం, వంగడం, రాయితో నేలని టకటకా కొట్టడం, చెవి ఆనించడం, పెదవి విరిచి లేవడం. పొయ్యిమీద దుంపలు ఉడుకుతుంటే మధ్యలో వదిలేసి పోయేది. ఒకసారి చర్చిలో అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంటే టకటకా చప్పుడైంది. పాస్టరు గారు ఎవరో తలుపు కొడుతున్నారనుకుని "లోపలికి రండి" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాం.

"ఏం వెతుకుతున్నావత్తా?" అని అడిగితే ఒకటే జవాబు.

"కింద ఎవరైనా ఉన్నారేమోనని."

మా ఇంటి వెనక వాగు ఉండేది. రాంబీలో నీళ్లకి కరువు లేదు. కొండమీంచి దిగి, రాళ్లమీద గంతులేసి, ఎవరినీ అడక్కుండా సముద్రంలోకి పోతుంటాయి. ఆ వాగంటే అత్తకి ఒళ్లుమంట. నన్ను పిలిచి మరీ తిట్టేది.

"సిగ్గులేని నీళ్లే తెబావో ఇవి. పంచిపెట్టేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఎవడు పడితే వాడు కాళ్లు కడుక్కుంటున్నాడు. మగాళ్లు కూడాను!"

ఇరుగుపొరుగు ఆమెకి పిచ్చి అన్నారు. ఆ మాట వింటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒక దీవిని గుల్ల చేసి, గంపలకెత్తి, ఓడల్లో పోసి, అవతలి దేశాల గోధుమ పొలాలకి ఎరువుగా చల్లినవాళ్లు తెలివైనవాళ్లట! నేలమీద ఒక రాయి పెట్టి కొట్టిన మా అత్త పిచ్చిదట!

మా అసలు దీవి బనాబా. దానికి వాగు లేదు, చెరువు లేదు. సముద్రం మధ్యలో ఒంటరి రాయి. వాన పడితే పడినట్టు, మొరాయిస్తే ఏళ్లకేళ్లు చుక్క ఉండదు. అయినా మావాళ్లు తరతరాలు బతికారంటే నేల కింద ఉన్న బంగబంగల చలవ. బంగబంగ అంటే రాతి కడుపులో ఉండే చీకటి గుహ. పైన పొన్నచెట్లూ బాదంచెట్లూ మొగలిపొదలూ వానని పట్టి వేళ్లకి అప్పగిస్తాయి. వేళ్లు మట్టికి, మట్టి రాతికి అప్పగిస్తాయి. చివరికి ఎప్పటి వానో ఒక్కొక్క బొట్టుగా గుహలోని మడుగులో పడుతుంది. కరువులో పైన ఆకు ఎండి రాలిపోయినా కింద ఆ బొట్టు ఆగదు.

ఆ నీళ్లు ఆడవాళ్లవి. మగవాడు లోపలికి పోకూడదు. పోవడం సరే, లోపలి సంగతి వినకూడదు కూడా. దారి మగవాడి చెవిన పడితే నీళ్లు ఉప్పెక్కుతాయని మా కట్టు. ఎంతటి మొనగాడైనా, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా, గుమ్మంలో కూర్చుని పెళ్లాం తెచ్చే కొబ్బరి బుర్ర కోసం ఎదురుచూడాల్సిందే. ఈ కట్టు పెట్టిన మహాతల్లి ఎవరోగాని చేతులెత్తి మొక్కాలి.

మా వంశపు బంగబంగకి పెద్ద తెరికానో అత్త. వాళ్లమ్మ తర్వాత ఆమెకి వచ్చింది. కరువులో ఏ ఇంటికి ఎన్ని బుర్రల నీళ్లో తేల్చేది ఆమే. లోపలికి పోయేవాళ్లు బట్టలు విప్పేసి, మెడకి ఖాళీ బుర్రలు కట్టుకుని, పొట్టమీద పాకాలి. ముందు మనిషి మడమ వెనక మనిషి చేతిలో ఉండాలి. ఒకచోట ఎడమ భుజం దించకపోతే ఇరుక్కుపోతారు. ఒకచోట దివిటీ ఆర్పేసి ఊపిరి బిగబట్టాలి. గుహ నోరు మా తాత నేలలో ఉండేది. అది ఊరందరికీ తెలుసు. కడుపు మాత్రం ఎటు వంగి ఎవరి నేల కిందికి పోయిందో మగవాళ్లకి తెలియదు. తెలుసుకోవాలని ఎవడూ అనుకోలేదు కూడా.

కంపెనీ మా అత్త పుట్టకముందే వచ్చింది. మా మట్టిలో ఎరువు ఉందని ఎవడో కనిపెట్టాడు. అప్పట్నుంచి ఒక్కొక్క చెక్కే అడిగి, బతిమాలి, బెదిరించి తీసుకోవడం, చెట్లు నరకడం, మట్టి తోడడం. తోడాక మిగిలేది నిలువెత్తు రాతి పళ్లు. మేక కూడా నడవలేదు వాటి మధ్య. పొన్నచెట్లు పోయాయి. మావాళ్లు మచ్చిక చేసుకుని ఆడే నల్లటి సముద్రపు పక్షులు వాలే కొమ్మ లేక గాల్లో తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. యుద్ధానికి కొంచెం ముందు తవ్వకం మా ఊరు బువాకోనికాయి మీదికి వచ్చింది.

అప్పుడు కంపెనీ దొర ఊరి సభ పాకకి వచ్చాడు. మంచిమాటే చెప్పాడు. "మీ నీటి గుహలు ఎక్కడున్నాయో చూపించండి. వాటి జోలికి రాం" అన్నాడు. ఆ మాటని మా భాషలో చెప్పింది మా నాన్న ఇయోతెబా. అత్తకి తమ్ముడు, కంపెనీలో దుబాసీ. మగవాళ్లు పొంగిపోయారు. పరిగెత్తుకెళ్లి ఒక్కొక్క గుహ నోరూ చూపించారు. కంపెనీవాళ్లు ప్రతి నోటి చుట్టూ గుంజలు పాతి, తాడు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీశారు.

"ఇక నీళ్లకి ఢోకా లేదు" అని నాన్న ఇంటికొచ్చి చాప మీద కాళ్లు జాపుకున్నాడట.

అమ్మ కినాయి, అత్త, ముసలి బియారా అవ్వ వెళ్లి ఆ తాడు చూసి విరగబడి నవ్వారట.

"మూతికి తాడు కట్టి పొట్టని కాపాడారే వీళ్లు!" అంది బియారా అవ్వ.

అందరికన్నా ముందు అత్త నవ్వు ఆగిపోయింది. గుంజలకి అవతల, బాదంతోపులో చెట్లకి సున్నపు గీతలు పెట్టి ఉన్నాయి. నరకబోయే చెట్లకి పెట్టే గీతలవి.

"కినాయీ, మన కడుపు అటే కదా వంగింది?"

"అటేననుకుంటా వదినా. లోపల కుడిపక్కకి పాకుతాంగా."

"లోపలి కుడి, పైన ఏ పక్క?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నేళ్లుగానో పాకిన దారి అది. మోకాలికి తెలుసు, మోచేతికి తెలుసు. పైన ఏ చెట్టు కింద ఉన్నారో ఏనాడూ ఆలోచించలేదు. చీకట్లో ఆ పని ఎవరికి కావాలి?

ఆ రోజునుంచి అత్తకి తిండి సయించలేదు, కాలు నిలవలేదు. నీళ్లకి వెళ్లినప్పుడు మడుగు మీద సన్నటి దుమ్ము తేలుతోంది. ఎక్కడో పైన గునపాల దరువు. చెబితే కట్టు తప్పుతుంది. చెప్పకపోతే కప్పు కూలుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ ఆమె పరిస్థితి. బియారా అవ్వ మాత్రం రాయిలా కూర్చుంది.

"మగాడి చెవిన వేశావో, నీళ్లు చచ్చాయన్నమాటే. మా అమ్మ చెప్పలేదు, మీ అమ్మ చెప్పలేదు. నువ్వెంతదానివే?"

"చెప్పను అవ్వా. నోరు విప్పను. నేలమీద రాళ్లు పెడతాను. రాళ్లు పెట్టడం చెప్పడం కాదుగా?"

 అవ్వ తను ఎప్పుడూ చేసే పనే చేసింది, తిట్టింది.

మగవాళ్లు పడవలేసుకుని చేపలకి పోయిన పూట చూసి ఇద్దరూ పని మొదలెట్టారు. అమ్మ లోపలికి పాకింది. చేతిలో ఒక రాయి. కొంచెం పాకడం, కప్పుని కొట్టడం. పైన అత్త తోపంతా నేలకి చెవి ఆనించి పాకుతూ, చప్పుడు దొరికినచోట తెల్లటి పగడపు రాయి ఒకటి పెట్టడం. ఆ పూట అమ్మకి ప్రాణం పోయినంత పనైందట. తోడుగా పట్టుకోవడానికి మడమ లేదు. పైగా కడుపులో నేనున్నాను. ఇంకా ఎవరికీ చెప్పలేదంతే. ఆ లెక్కన నేనూ బంగబంగలోకి ఒకసారి వెళ్లొచ్చినదాన్నే.

సాయంత్రానికి బాదంతోపులో తెల్లరాళ్లు ఒక పెద్ద చేపలా, తలా తోకా తేలి కనిపించాయి. తరతరాల ఆడవాళ్లు పాకిన చోటు పైనుంచి ఎలా ఉంటుందో మొదటిసారి చూసింది మా అత్తే. ఏడ్చిందట. ఏడ్చి, మొహం తుడుచుకుని తమ్ముణ్ని పిలుచుకొచ్చింది.

"ఒరేయ్ ఇయోతెబా, ఈ రాళ్లు చూశావా? వీటి లోపల గునపం పడకూడదని దొరకి చెప్పు."

"ఎందుకక్కా? ఇక్కడ ఏముంది?"

అత్త నోరు విప్పలేదు. కిందికి చూసింది. మళ్లీ తమ్ముడి మొహంలోకి చూసింది. మా నాన్న మొద్దు కాదు. అర్థమైంది. అర్థమవగానే మొహం పాలిపోయి, రెండు చెవులూ అరచేతులతో మూసేసుకుని వెనక్కి వెనక్కి నడిచాడు.

"నేను వినలేదు! అక్కా, నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు!"

"చెప్పలేదురా వెర్రినాగన్నా! ఆగు!"

"వినలేదు!"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వి ఊరుకునే సంగతైతే బాగుండేది.

నాన్న దొర దగ్గరికి వెళ్లాడు. రాళ్ల మధ్య తవ్వొద్దన్నాడు. ఎందుకు అన్నాడు దొర.  ఆడవాళ్ల సంగతి మగవాడు మగవాడికి, అందులోనూ పరాయివాడికి ఎలా చెబుతాడు? తను విననే లేదాయె. నీళ్ల మాట ఎత్తకూడదు. నీళ్లంత గౌరవంగా ఇంకేం ఉన్నాయని వెతుక్కున్నాడు. చర్చి వెనక సమాధుల్ని కంపెనీ ముట్టుకోలేదన్న సంగతి గుర్తొచ్చింది.

"మా పెద్దల సమాధులండీ" అన్నాడు.

దొర టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడట. "అయ్యో, మంచిపని చేశావు చెప్పి" అన్నాడట. నాన్న పండగ చేసుకుంటూ ఇంటికొచ్చాడు. కట్టు తప్పలేదు, నీళ్లు దక్కాయి. అక్క దగ్గరికి వెళ్లి "పనైపోయింది" అని ఒక్కమాటే చెప్పాడు. ఏం చెప్పి వచ్చాడో ఆమె అడగలేదు. అడిగితే తను కూడా చెప్పాల్సి వస్తుందేమోనని భయం.

నాన్నకి తెలియని సంగతి ఒకటుంది. చర్చి కింద మట్టి పనికిరానిది. అందుకే దాన్ని వదిలేశారు. పనికొచ్చే మట్టిలో సమాధులు ఉంటే వదలరు. మర్యాదగా ఎముకలు పైకి తీసి, పెట్టెల్లో సర్ది, వేరే చోట పాతిపెట్టి, ఆ తర్వాత తవ్వుతారు. అంటే అన్నిటికన్నా ముందు గునపం పడేది సమాధుల మీదే.

నాన్నని ఓడరేవు పనికి పంపిన రోజు పొద్దున్నే కూలీలు బాదంతోపుకి వచ్చారు. వాళ్లూ పాపం జాగ్రత్తగానే తవ్వారు. పెద్దల పుర్రెలకి దెబ్బ తగలకూడదని చేత్తో మట్టి తీశారు. మా అత్త పెట్టిన రాళ్లనే గుర్తుపట్టుకుని, ఒక్కో రాయీ పక్కకి జరిపి, సరిగ్గా దాని కిందే తవ్వుకుంటూ పోయారు. చేప తల దగ్గర ఒక గునపం చేతిలోంచి జారి లోపలికి పోయింది. కింద నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించిందట. ఆ పైన కప్పు పెళ్లున విరిగి కూలింది.

కేకలు విని ఊరి మగవాళ్లందరూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి, గుంతలోకి ఒక్క చూపు చూడబోయి, అదేమిటో తెలిసి గిర్రున వెనక్కి తిరిగిపోయారు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, అందరూ ఆ గుంతకి వీపు పెట్టి, తలలు వంచుకుని నిలబడ్డారు. ఒక్కడూ చూడలేదు. దొర మాత్రం అంచున మోకాళ్లమీద కూర్చుని తొంగిచూసి ఈల వేశాడు.

అత్త వచ్చేసరికి నాన్న కూడా ఓడరేవునుంచి వచ్చి ఉన్నాడు. అతనూ వీపు తిప్పే నిలబడ్డాడు.

"ఏం చెప్పావురా దొరకి?"

"సమాధులన్నాను."

"సమాధులా? ఎందుకన్నావురా ఆ మాట?"

"మరేం చెప్పమంటావక్కా? నేను వినలేదుగా!"

అత్త చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నారు అందరూ. ఆ చెయ్యి తన నోటిమీదే వేసుకుని అక్కడే కూలబడింది.

మధ్యాహ్నం మగవాళ్లు వెళ్లిపోయాక ఆడవాళ్లు పైనుంచి దిగారు. ఏళ్లతరబడి పొట్టమీద పాకినచోట మొదటిసారి నిటారుగా నిలబడ్డారు. ఎండ మడుగు దాకా పడింది. అమ్మ ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. "ఎంత చిన్నదే తెబావో! చీకట్లో సముద్రమంత ఉండేది. వెలుగులో చూస్తే మన వంటపాకంత లేదు. ఇంత చిన్నదాన్ని పట్టుకునా ఇన్ని తరాలు బతికాం అనిపించింది."

ఆ గుంతలో ఎముకల్లేవు గనక కంపెనీకి అడ్డు లేదు. బాదంతోపు నరికేశారు. చెట్లు లేక బొట్టు ఆగిపోయింది. ఉన్న మడుగు పాచిపట్టి, వాసనొచ్చి, ఎండిపోయింది. ఆ తర్వాత కంపెనీ యంత్రంలో కాచిన సముద్రపు నీళ్లు తెచ్చుకున్నారు. పైపు దగ్గర డబ్బాలు పట్టుకుని మగవాళ్లే నిలబడ్డారు.

బియారా అవ్వ తెరికానో అత్తని వదిలిపెట్టలేదు. రాళ్లు పెట్టడం చెప్పడమేనంది. అమ్మ కడుపు బయటపడ్డాక ఇంకో మాట కలిపింది. "లోపల మగపిల్లాడేమో, వాణ్ని మోసుకుని పాకావు, నీళ్లకి కోపం రాదూ?" నేను ఆడపిల్లనై పుట్టి అమ్మని ఆ నిందనుంచి తప్పించాను. అత్తని తప్పించేవాళ్లు ఎవరూ పుట్టలేదు. నీళ్లు పోయింది ఆమె రాళ్లవల్లా, తమ్ముడి మర్యాదవల్లా, దొర టోపీ తీసినందువల్లా? నన్నడిగితే మట్టికి వెలకట్టినవాడివల్ల. కాని ఆమె నన్ను అడగలేదు. తనని తానే అడుగుతూ తిరిగింది.

యుద్ధం వచ్చింది. జపాను సైనికులు వచ్చారు. బతికినవాళ్లని తలా ఒక దీవికి తోలారు. యుద్ధం అయ్యాక, ఊళ్లు పాడైపోయాయి, వెనక్కి పోలేరు అని మమ్మల్ని ఓడెక్కించి ఫిజీ దేశపు ఈ రాంబీలో దించారు. మేం లేని బనాబాలో తవ్వకం నిక్షేపంగా సాగింది. ఇక్కడ వాన, బురద, కొత్త దోమలు, ఎటు చూసినా నీళ్లు. అత్త దిగీదిగగానే ఒక రాయి ఏరుకుని నేలని కొట్టింది. ఆ కొట్టడం మళ్లీ ఆపలేదు.

అక్కాతమ్ముళ్లవి పక్కపక్క ఇళ్లు. రోజూ కలిసే తినేవాళ్లు. ఆ గుంత మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తుకోలేదు. పొద్దున్నే నాన్న గుమ్మంలోంచి అడిగేవాడు.

"ఏమైనా దొరికిందా అక్కా?"

"లేదురా. ఇక్కడ నేలంతా మట్టే."

అంతే. అదే వాళ్ల పలకరింపు.

నాన్నకి జబ్బు ముదిరిన ఏడు, ఒక వాన మధ్యాహ్నం, అత్త అతని కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. అలా కూర్చోవడమే వింత. అయినా చేతిలో రాయిని అటూ ఇటూ దొర్లిస్తూనే ఉంది. అమ్మా నేనూ పక్కనే ఉన్నాం.

"అక్కా, లోపల ఎట్లా ఉండేదే?" అన్నాడు నాన్న.

రాయి ఆగింది.

"ఎక్కడ లోపల?"

"తెలిసీ అడుగుతావేంటి? అప్పుడు చెవులు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. చెప్పు."

 చెప్పు, చెప్పెయ్ అత్తా అని లోలోపల మొత్తుకున్నాను. దాచడానికి ఇంకేముందని? ఆ రాయి పిండై ఎవరి పొలంలోనో కలిసి ఎన్నేళ్లయిందో. అమ్మ కూడా ఉండబట్టలేకపోయింది.

"చెప్పు వదినా. పోయే మనిషి."

అత్త తమ్ముణ్ని ఎగాదిగా చూసింది.

"మగాడివి, నీకెందుకురా ఆ సంగతులు? నీ చెవిన వేస్తే నీళ్లు ఉప్పెక్కిపోవూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత రాతిమనిషా ఈమె అనుకున్నాను. లేచి ఏదో అనబోయాను. ఈలోగా నాన్న మొహం చూసి ఆగిపోయాను. నవ్వుతున్నాడు. నాకు జ్ఞానం వచ్చాక ఆయన మొహంలో అలాంటి నవ్వు చూడలేదు.

"అయితే ఇంకా ఉందన్నమాట" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుని పడుకో."

అత్త రాయి తీసుకుని లేచింది. వాగువైపు పోతుందనుకున్నాను. పోలేదు. వానలోనే చుట్టూ తిరిగి, గుంజల మీద నిలబెట్టిన మా ఇంటి కిందికి దూరింది. ఆ వయసులో, ఆ బురదలో, పొట్టమీద పాకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చెక్కల కిందనుంచి టకటకా కొట్టింది. కొంచెం జరిగింది. మళ్లీ కొట్టింది.

నాన్న పక్కకి ఒత్తిగిలి చాపకి చెవి ఆనించాడు. అమ్మ కట్టుగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. నాన్న వింటూ వింటూ చెయ్యి చాపి, చాపమీద ఒకచోట వేలు పెట్టాడు.

"తెబావో, ఇక్కడ. ఇక్కడొక రాయి పెట్టమ్మా."

ఇంట్లో రాయి ఎక్కడిది? ఆయనకి తాగించడానికి తెచ్చిన కొబ్బరి చిప్ప నా చేతిలో ఉంది, వాగు నీళ్లతో. దాన్నే అక్కడ పెట్టాను.